ఎక్స్‌రేలో ఎవరిదో చెయ్యి

ఆసుపత్రిలో ఆమెను అందరూ చక్రాలక్క అనేవారు. మంచం దిగలేని రోగుల దగ్గరికి చక్రాల ఎక్స్‌రే యంత్రాన్ని తోసుకుపోయి, అక్కడికక్కడే ఎక్స్‌రే తీయడం ఆమె ఉద్యోగం. యంత్రానికి నాలుగు చక్రాలుంటే ఆమె అరికాళ్లకు ఇంకో రెండున్నాయని లిఫ్టు నడిపే పెద్దాయన అంటుండేవాడు. ఆమె కుదురుగా కూర్చుని టీ తాగగా చూసినవాళ్లు లేరు. కప్పు పట్టుకుని వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ తాగేది. సగం టీ నేలపాలయ్యేది. ఇంట్లోనూ అదే తంతు. భర్త స్కూలు బస్సు డ్రైవరు. "నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెడతాను గానీ, నిన్ను కూర్చోబెట్టడం మాత్రం నా వల్ల కావట్లేదే" అనేవాడు.

ఉదయం ఆరింటికి డ్యూటీ ఎక్కగానే ఆమె ముందుగా వెళ్లేది మూడో అంతస్తులోని పసికందుల ఐసీయూకే. గుమ్మం బయట చెప్పులు విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, యంత్రం చక్రాలను మందు గుడ్డతో తుడిచి లోపలికి అడుగు పెట్టేది. లోపల ఏడాది పొడవునా ఒకటే ఉక్క. పద్నాలుగు గాజు పెట్టెలు, పద్నాలుగు తెరలు, దేని కూత దానిదే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఆ పెట్టెల్లో, ముక్కుల్లో గొట్టాలతో, వేలెడంత చేతులకు సూదులతో పడుకుని ఉండేవారు.

ఆమె యంత్రం కనపడగానే గదంతా చెల్లాచెదురయ్యేది. పిల్లల పక్కన కూర్చున్న తల్లులు దిగ్గున లేచి బయటికి పరుగెత్తేవారు. చిన్న నర్సులు తలుపు వెనక్కి తప్పుకునేవారు. కదలకుండా నిలబడేది పెద్ద సిస్టర్ ఒక్కతే. ఆ వార్డులో ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. సీసపు ఏప్రాన్ తగిలించుకుని, పెట్టెకున్న గుండ్రటి కిటికీల్లోంచి రెండు చేతులూ దూర్చి, పిల్లవాడి చేతులు పైకీ కాళ్లు కిందికీ అదిమి పట్టుకునేది. "కానివ్వు అక్కా, వీడు నిద్ర లేచాడంటే నా తరం కాదు" అనేది. చక్రాలక్క మీట నొక్కేది. టిక్కుమనేది. అంతటితో అయిపోయేది.

యంత్రం తల నుంచి పిల్లవాడి మీద ఒక వెలుగు చతురస్రం పడుతుంది. ఆ వెలుగు ఎంత మేర ఉంటే కిరణాలూ అంత మేరే పడతాయి. రెండు నాబ్‌లు తిప్పితే దాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఊపిరితిత్తులు చూడాలంటే మెడ దగ్గర నుంచి పొట్ట పై అంచు దాకా పడితే చాలు. కానీ వెలుగు మరీ బిగించి తీస్తే, పిల్ల ఒక్క పిసరు కదిలినా ఏదో ఒక మూల తెగిపోతుంది. అప్పుడు మళ్లీ తీయాలి, డాక్టర్ల చేత మాటలు పడాలి. అందుకే ఆమెకు పని నేర్పిన సీనియరు, అందరూ గురువుగారు అని పిలిచే మనిషి, మొదటి వారంలోనే కిటుకు చెప్పేశాడు. "ముందు బారుగా తీసెయ్యమ్మా. తర్వాత తెర మీద ఎంత కావాలో అంత కోసి పంపించు. ఎవడడుగుతాడు?" ఎవరూ అడగలేదు. తెర మీద వేలితో అటూ ఇటూ జరిపితే తలా కాళ్లూ మాయమయ్యేవి. డాక్టర్లకు చక్కని ఛాతీ ఎక్స్‌రే చేరేది. శుభ్రంగా తీస్తుందని ఆమెకు పేరు కూడా వచ్చింది.

ఒక సోమవారం ఆ పేరు కాస్తా గల్లంతయింది.

ముందు రోజు ఎవరో వచ్చి కంప్యూటర్లలో ఏదో కొత్తది ఎక్కించి వెళ్లారు. దాంతో కోసి పంపినవి కాకుండా అసలు తీసినవి తీసినట్టే డాక్టర్ల తెర మీదికి పోసాగాయి. ఆ సంగతి చక్రాలక్కకు తెలియదు. పొద్దున్నే తన మానాన తాను ఆరుగురు పిల్లలకు ఎక్స్‌రేలు తీసింది. ఆరో వాడిని నర్సులు పిడికెడు అని పిలిచేవారు. పుట్టినప్పుడు వాడి బరువు ఏడు వందల ఎనభై గ్రాములు. గాజు పెట్టెలో చేరి నలభై ఒక్క రోజులైంది.

పిడికెడు తల్లి ఒక పార్సెళ్ల ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేసేది. వచ్చిన ప్రతి పెట్టెనూ ఇందులో ఏముంది, ఎక్కడికి, ఎందుకు అని అడిగి రాసుకోవడం అలవాటైన మనిషి. ఆ రోజు రౌండ్స్‌లో పెద్ద డాక్టరమ్మ తెర మీద వాడి ఎక్స్‌రే తెరిచింది. తల్లి వెనక నుంచి తొంగి చూసింది.

పుర్రె నుంచి మోకాళ్ల దాకా పిల్లవాడంతా అందులో ఉన్నాడు. వాడికి రెండు పక్కలా పెద్దవాళ్ల చేతి ఎముకలున్నాయి. ఒక వేలికి నున్నటి ఉంగరం తెల్లగా మెరుస్తోంది.

"డాక్టరుగారూ, ఈ చెయ్యి ఎవరిది?" అని అడిగింది తల్లి.

పెద్ద సిస్టర్ నవ్వేసింది. "నాదేనమ్మా. మీవాడు తన్నకుండా పట్టుకోవద్దూ?"

నర్సులూ నవ్వారు. తల్లి నవ్వలేదు. "ఊపిరితిత్తులు చూడాలన్నారు కదా. మరి తల ఎందుకు తీశారు? కాళ్లెందుకు?"

పెద్ద డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని చక్రాలక్క వైపు చూసింది. చక్రాలక్క అప్పుడే యంత్రాన్ని గుమ్మం దాటిస్తోంది. ఆమె కాలు అక్కడే ఆగిపోయింది.

"ఇప్పటికి ఎన్ని తీశారు మావాడికి?" అంది తల్లి మళ్లీ. గొంతులో కోపం లేదు. కౌంటరు దగ్గర అడిగినట్టే అడిగింది.

ఎన్ని తీశారో అక్కడ ఎవరికీ తెలియదు.

చక్రాలక్క ఆ మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. ఎక్స్‌రే గదిలో యంత్రాన్ని చార్జింగుకు పెట్టి, దాని కడుపులో దాగి ఉన్న పాత ఎక్స్‌రేలను, కోయనివాటిని, ఒక్కొక్కటే తెరిచింది. పిడికెడువే ముప్ఫై ఎనిమిది లెక్క తేలాయి. వాటి తర్వాత వేరే పిల్లలవి, వాళ్ల తర్వాత వేరే పిల్లలవి. ప్రతిదాంట్లోనూ చారెడు ఛాతీకి చుట్టూ బోలెడు పిల్లవాడు. తలలు, తొడలు, పాదాలు. ఉంగరం చెయ్యి పదే పదే కనిపించింది. కొన్నింట్లో మణికట్టు దాకా, కొన్నింట్లో ముంజేయి సగం దాకా ఉంది. డెబ్భై దాకా లెక్కపెట్టి ఆపేసింది. తీసినవాళ్ల పేరుండే చోట అన్నింటి మీదా తన పేరే ఉంది.

గురువుగారు లోపలికి వచ్చి భుజం మీదుగా చూశాడు. "ఎందుకమ్మా పాత చెత్తంతా తవ్వుతావు? సాయంత్రానికి కంప్యూటరువాళ్లు సరిచేసేస్తారు. మళ్లీ కోసిందే పోతుంది."

"కోస్తే పైకి కనపడదు గురువుగారూ. పిల్లవాడి మీద పడింది పడినట్టే కదా."

"పడితే ఎంత పడుతుంది? ఆవగింజంత."

"ఆవగింజంతే. మరి ఆ ఆవగింజ వాడి తల మీద ఎందుకు వేశాను?"

ఆయన మెడలో గుర్తింపు కార్డు సరిచేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లాక కూడా ఆమె మనసు మనసులో లేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. ఆరిన బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని కళ్లజోడు మీది నుంచి కోడల్ని చూస్తోంది. ముప్ఫై ఏళ్లు స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషి ఆవిడ. "ఏమే, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదత్తయ్యా. అనుంటే బాగుండేది."

ఉన్నట్టుండి ఆమెకు అలమర పై అరలో ఉన్న ఒక కవరు గుర్తుకొచ్చింది. కుర్చీ ఎక్కి దించింది. పదకొండేళ్ల కిందట కూతురు నెల ముందే పుట్టి, ఆరు రోజులు అదే ఐసీయూలో ఉంది. అప్పుడు గురువుగారు తీసిన ఎక్స్‌రే ఫిల్ము అది. అత్తగారికి అదంటే ప్రాణం. ఎవరు ఇంటికి వచ్చినా దాన్ని కిటికీకి అడ్డం పెట్టి, "మా మనవరాలి మొదటి ఫోటో. చూడండి, తల నుంచి గోళ్ల దాకా ఎంత చక్కగా పడిందో!" అని మురిసిపోయేది. చక్రాలక్క కూడా ఇన్నేళ్లూ ఆ మాటకు నవ్వుతూనే ఉంది. ఇప్పుడు దాన్ని సాయంత్రపు వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. నిజమే, తల నుంచి గోళ్ల దాకా పడింది. అడిగింది ఊపిరితిత్తులు మాత్రమే.

హాల్లో కూతురు తాడాట ఆడుతోంది. తాడు నేలను కొట్టే చప్పుడు ఒక లెక్కలో వినిపిస్తోంది. ఆ పిల్లకు జలుబు కూడా సరిగా చేయదు. అయినా చక్రాలక్క కుర్చీ మీంచి దిగలేక చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

ఆసుపత్రిలో కిరణాల భద్రత చూసే అధికారి ఒకాయన నెలకోసారి వచ్చేవాడు. ఆ గురువారం ఆయన రాగానే ఆమె వెంటపడింది. ఆయన కొలత పరికరాలు సంచిలో సర్దుకుంటూ ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ముందు కాస్త కూర్చోండమ్మా."

"నిలబడే వింటాను సార్."

"సరే. పసివాడి ఛాతీకి ఒక్కసారి తీస్తే పడేది చాలా తక్కువ. నేల నుంచి, ఆకాశం నుంచి మనందరి మీదా ఎలాగూ పడుతుంటుంది చూడండి, అది కొద్ది రోజుల్లో ఎంత పడుతుందో సుమారుగా అంత. పక్క పెట్టెలో పిల్లవాడికి దాదాపు ఏమీ తగలదు. తల్లులు మెట్ల దాకా పరుగెత్తక్కర్లేదు, రెండు మూడు మీటర్లు జరిగితే చాలు. కాబట్టి మీరు ఎవరికో ఏదో చేసేశానని కుమిలిపోకండి."

ఆమె ఊపిరి పీల్చుకోబోయింది. ఆయన ఆగలేదు.

"కానీ పసిపిల్లల ఒంట్లో కణాలు గబగబా పెరుగుతుంటాయి. ముందు ఎనభై ఏళ్ల బతుకుంది. ఒళ్లేమో ఇంతే, అంతా పక్కపక్కనే ఉంటుంది. వాళ్లకు తక్కువే మంచిది. అక్కర్లేనిది తక్కువైనా అక్కర్లేనిదే. ఇక ఆ నర్సు చెయ్యి నేరుగా కిరణాల కింద ఉండటానికి వీల్లేదు. అదీ రోజూ ఒకే మనిషిది!"

"మరి ఇన్నేళ్లూ మాకెవరూ చెప్పలేదేం సార్?"

ఆయన సంచి జిప్పు లాగడం ఆపాడు. "నేను చూసేవి కూడా కోసిన ఎక్స్‌రేలేనమ్మా" అన్నాడు నెమ్మదిగా.

మర్నాడు పొద్దున ఆమె నాబ్‌లు బిగించింది. వెలుగు చతురస్రం అరచేయంత అయింది. మొదటి ఇద్దరివీ బాగానే వచ్చాయి. మూడో పాపకు ఊపిరి గొట్టం మొన ఎక్కడుందో చూడాల్సి ఉంది. పాప తల తిప్పింది. గొట్టం మొన వెలుగు దాటి పోయింది. మళ్లీ తీయాల్సి వచ్చింది.

పెద్ద డాక్టరమ్మ అందరి ముందూ నిలబెట్టి అడిగేసింది. "తగ్గిద్దామని బిగించారు. బిగించి రెండుసార్లు తీశారు. ఇక మిగిలిందేంటి?"

చక్రాలక్కకు తల కొట్టేసినట్టయింది. వరండాలో గురువుగారు ఎదురై, "చెప్పానా లేదా?" అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆమె యంత్రాన్ని తోసుకుంటూ లిఫ్టు కోసం కూడా ఆగకుండా వాలుదారి వెంట కిందికి దిగిపోయింది. మూడంతస్తులూ దిగాక గానీ, పైన ఐదో అంతస్తులో తన కోసం ఇంకో రోగి ఎదురుచూస్తున్నాడన్న సంగతి గుర్తు రాలేదు.

ఆ వారమంతా మధ్యాహ్నం భోజనం వేళ ఆమె గదికి లోపల గడియ వేసుకునేది. కూతురి పాత బొమ్మను సంచిలో తెచ్చుకుంది. దాన్ని ఎక్స్‌రే ప్లేటు మీద పడుకోబెట్టి, చేతులు ఎటు పెడితే భుజం ఎముకలు అడ్డురావో, తల ఎలా నిలిపితే మెడ తిరగదో, వెలుగు ఎంత దాకా తగ్గించవచ్చో చూసుకునేది. కిరణాలు వదిలేది కాదు, వెలుగు మాత్రమే వేసేది. బొమ్మ కదలదు. వార్డులో పిల్లలు కదులుతారు. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకుంటే చెయ్యి పడుతుంది.

పెద్ద సిస్టర్‌తో మాట్లాడటం అన్నింటికన్నా కష్టమైంది. మందుల గది దగ్గర పట్టుకుని, డెబ్భై ఎక్స్‌రేల సంగతి చెప్పింది. పెద్ద సిస్టర్ ముఖం మాడిపోయింది.

"ఇప్పుడు నా చెయ్యి అడ్డమైందా? ఇరవై రెండేళ్లుగా ఈ చేతులే లేకపోతే మీ ఎక్స్‌రేల్లో ఒక్కటీ కుదిరేది కాదు."

"నేననేది అది కాదు సిస్టర్. ఆ చేతుల గురించే నా బాధంతా."

"వాడు తన్నుకుంటుంటే ఎవరు పట్టుకుంటారు? నువ్వా? మీ గురువుగారా?" అని ట్రే ఠప్పున పెట్టి వెళ్లిపోయింది. రెండు రోజులు పలకలేదు. మూడో రోజు తనే వచ్చి, ఎక్స్‌రే గది గుమ్మంలో నిలబడి, "ఏదీ, చూపించు" అంది. చక్రాలక్క చూపించింది. పెద్ద సిస్టర్ తెర మీది చేతినీ తన చేతినీ మార్చి మార్చి చూసుకుంది. వేళ్లు ముడుచుకుని, చాచింది. "నాదే" అంది చివరికి. ఆ తర్వాత గొంతు మార్చి, "ఏం చేద్దామంటావు?" అని అడిగింది.

ఆ ప్రశ్నే చక్రాలక్క ఇంటికి మోసుకుపోయింది. అత్తగారు విని, "ఇంతదానికా? పసిపిల్లకు అటూ ఇటూ దిండ్లు పెట్టమూ?" అని, గుడ్డ ముక్కలతో అరచేయంత పొడవున్న సంచులు నాలుగు కుట్టి, లోపల ఇసుక నింపి ఇచ్చింది. చక్రాలక్క వాటిని మహా సంబరంగా పట్టుకెళ్లింది. వార్డులో అంటురోగాల సంగతి చూసే నర్సు వాటిని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. "ఇసుకా? పసిపిల్లల ఐసీయూలోకి ఇసుకా? వీటిని ఉడికించగలవా? ఉతకగలవా?"

అత్తగారికి రోషమొచ్చింది. "నా కుట్టుకు వంక పెట్టిందా?"

"కుట్టుకు కాదత్తయ్యా, ఇసుకకు."

రెండో విడతలో ఇసుక లేదు. మెత్తని తువ్వాలు గుడ్డను గట్టిగా చుట్టి చేసిన చుట్టలు, వాటిని కలుపుతూ కాళ్ల మీదుగా వేసే వెడల్పాటి పట్టీ. వేడినీళ్లలో ఉడికించినా చెక్కుచెదరవు. ఆ నర్సు మూడుసార్లు ఉడికించి, మూడుసార్లు సాగదీసి చూసి, ఇక వంక దొరకక ఒప్పుకుంది. పిల్లవాడిని ముందుగా చుట్టల మధ్య సర్ది, పట్టీ వేసి, పాలు తాగి మగతగా ఉన్నప్పుడు పిలిస్తే, పట్టుకోవాల్సిన అవసరమే చాలా మట్టుకు తప్పేది. తప్పనిసరైతే తల దగ్గర ఒక్కరు, వెలుగుకు బయట, సీసపు తొడుగులతో. అది కూడా వంతుల ప్రకారమే. పది రోజులు తిరిగేలోగా రెండోసారి తీయాల్సి రావడం మునుపటి కన్నా తగ్గింది.

అంతటితో ఆమె స్థిమితపడి ఉండాల్సింది. పడలేదు. ఇప్పుడు ఇంకో పురుగు తొలవసాగింది. ఆ వార్డులో గొట్టం ఉన్న ప్రతి పిల్లవాడికీ రోజూ పొద్దున ఒక ఎక్స్‌రే అని ఎప్పటి నుంచో వాడుక. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉన్నా లేకపోయినా తీయడమే. ఆమె ఒక పొద్దున ఎక్స్‌రే రాసిన చీటీ పట్టుకుని పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, నాలుగో పెట్టెలో బాబుకి ఇవాళ దేనికోసం?"

"దేనికోసమేంటి? రోజూ తీసేదే కదా."

"అవును మేడమ్. ఇవాళ ఏం చూడాలో చెబితే దానికి తగ్గట్టు తీస్తాను."

మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. పెద్ద డాక్టరమ్మ విసుక్కుంది. "మీరు ఎక్స్‌రే తీయడానికి వచ్చారా, నాకు పరీక్ష పెట్టడానికి వచ్చారా?" అంది. చక్రాలక్క చీటీ చాచి పట్టుకుని అక్కడే నిలబడింది. ఐదో రోజున పిడికెడు చీటీ దగ్గర డాక్టరమ్మ కలం ఆగింది. వాడికి ఆక్సిజన్ తగ్గిస్తున్నారు, బరువు పెరుగుతున్నాడు, గొట్టం జరగలేదు. తలెత్తి పెట్టె వైపు చూసింది. మళ్లీ చీటీ వైపు చూసింది. "ఇవాళ వీడికి వద్దు" అని కొట్టేసింది. కాసేపాగి ఇంకో మూడు చీటీలు కూడా వెనక్కి తీసుకుంది. ఆ వారం చివర కొత్త పద్ధతి పెట్టింది. ఏం చూడాలో ఒక్క ముక్క రాయకపోతే ఎక్స్‌రే లేదు.

చక్రాలక్క జీవితంలోని అతి పొడుగాటి అరగంట ఆ తర్వాత పదిహేడో రోజున వచ్చింది.

పొద్దున పది కావస్తోంది. ఆమె ఐదో అంతస్తులో ఉండగా ఫోను మోగింది. పెద్ద సిస్టర్ గొంతు. "పిడికెడు నీలంగా మారుతున్నాడు. పరుగెత్తు."

ఆమె యంత్రాన్ని ఎలా దింపిందో ఆమెకే తెలియదు. లిఫ్టు పెద్దాయన తలుపు పట్టుకుని నిలబడి, దారిలో వచ్చిన మిగతా వాళ్లను కసిరేశాడు. లోపలికి వెళ్లేసరికి పిడికెడు తెర మీద అంకెలు పడిపోతున్నాయి. చేతి పంపుతో ఊపిరి కొడుతున్నారు. తల్లి గోడకు ఆనుకుని ఉంది. పొద్దున వాడికి ఎక్స్‌రే తీయలేదు. వద్దని కొట్టేశారు. కొట్టేసేలా చేసింది తాను.

"కుడి పక్క గాలి చేరిందేమో చూడాలి. ఒక్కసారికే రావాలి" అంది పెద్ద డాక్టరమ్మ.

చక్రాలక్క చేతులు వాటంతటవే పని చేశాయి. ప్లేటు వాడి కిందికి పెట్టింది. పెద్ద సిస్టర్ చుట్టలు సర్ది, తల ఒక్కటే నిలిపింది. చక్రాలక్క నాబ్‌లు తిప్పింది. మెడ, రెండు భుజాలు, పొట్ట పై అంచు. అంతకు మించి వేలెడు కూడా లేదు. ఊపిరి పైకి లేచిన క్షణాన మీట నొక్కింది. నాలుగు సెకన్లలో తెర మీద బొమ్మ వచ్చింది. కుడి పక్క ఊపిరితిత్తి నలిగిపోయి, దాని చుట్టూ నల్లగా గాలి కనిపిస్తోంది. డాక్టరమ్మ సూది గుచ్చి గాలి లాగింది. అంకెలు ఒక్కొక్కటే పైకి ఎక్కాయి. డెబ్భై. ఎనభై ఒకటి. తొంభై మూడు. వాడి పెదాలు ఎర్రబడ్డాయి.

చక్రాలక్క బయటికి వచ్చి వరండాలో అటూ ఇటూ తిరగసాగింది. అరగంటకు డాక్టరమ్మ బయటికి వచ్చేదాకా తిరుగుతూనే ఉంది.

"మేడమ్, పొద్దున తీసుంటే ముందే తెలిసేదా?"

డాక్టరమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్లి, ఆ పొద్దుటి నుంచి వాడి ఊపిరి, గుండె అంకెలన్నీ తెర మీద చూపించింది. తొమ్మిదీ యాభై దాకా గీత తిన్నగా ఉంది. అక్కడ ఒక్కసారిగా పడింది. "ఈ గాలి అప్పుడే, ఒక్కసారిగా చేరింది. ఆరింటికి తీసుంటే మామూలు ఎక్స్‌రే వచ్చేది. అది చూసి మనం నిశ్చింతగా ఉండేవాళ్లం, అంతే."

"ఖచ్చితంగానా మేడమ్?"

"నాకు తెలిసినంతవరకు."

ఆ చివరి మాట చక్రాలక్క చెవిలో చాలా రోజులు ముల్లులా ఉండిపోయింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదని తెలుసు. గీత తన కళ్లతోనే చూసింది. అయినా పొద్దున్నే ఆ వార్డులోకి వెళ్లగానే, ఎక్స్‌రే రాయని పెట్టెల దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగి పిల్లల ఛాతీలు లేచి పడటం చూసి గానీ కదిలేది కాదు.

తొంభై ఏడో రోజున పిడికెడు ఇంటికి వెళ్లాడు. బరువు రెండు కిలోల వంద. తల్లి వాడిని గుడ్డలో చుట్టుకుని ఎక్స్‌రే గది వెతుక్కుంటూ వచ్చింది.

"మొత్తం ఎన్ని?"

"అరవై ఎనిమిది. మీరు అడిగిన రోజుకి ముప్ఫై ఎనిమిది. ఆ తర్వాత ముప్ఫై. రోజువారీవి ఆపేశాక నాలుగే."

తల్లి ఆ అంకెను వాడి కాగితాల మీద రాసుకుంది. "మొదటివాటిలో ఎన్ని అక్కర్లేనివి?"

"తెలియదమ్మా. సగం అనుకుంటున్నాను. ఇక వాటన్నింట్లోనూ అవసరమైన దానికన్నా వెడల్పుగా తీసింది నేనే. కోసి పంపించాను, అందుకే ఎవరికీ కనిపించలేదు. క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను."

తల్లి కలం మూత పెట్టింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అంది. క్షమించానని అనలేదు, లేదని కూడా అనలేదు. పిల్లవాడిని భుజాన మార్చుకుని, "వీడికి జ్వరమొచ్చి ఎక్కడికైనా తీసుకెళ్తే ఏమని అడగాలో చెప్పండి" అంది. చక్రాలక్క చెప్పింది. ఇదివరకు తీసినవి చూపించండి, దేనికోసమో అడగండి, అవసరమన్నారంటే మాత్రం భయపడి ఆపకండి. తల్లి అదంతా ఒక్కొక్క ముక్కే రాసుకుంది.

గురువుగారు ఆ ఏడాదే ఉద్యోగ విరమణ చేశాడు. వెళ్లే ముందు కంప్యూటరు మీద కోసే సౌకర్యాన్ని తీసేయమని సంతకం పెట్టి ఇచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు. సంతకం పెట్టి కలం ఆమెకు తిరిగి ఇచ్చేశాడు.

భద్రతాధికారి మరో ఊరి ఆసుపత్రిలో టెక్నీషియన్లకు ఆమె చేత ఒక గంట మాట్లాడించాడు. ఆమెకు కుర్చీ వేశారు, మైకు ఇచ్చారు. ఆమె కుర్చీని పక్కకు జరిపి, మైకు తీగ కాళ్లకు చుట్టుకుంటుంటే విడదీసుకుంటూ, ఆ గంటంతా నడుస్తూనే చెప్పింది. తన కోయని ఎక్స్‌రేలనే చూపించింది. తీసింది తానేనని చెప్పింది. గదిలో చాలామంది తలలు వంచుకున్నారు.

చివర ఒకాయన లేచాడు. "ఇంతకీ ఇన్నేళ్లలో ఎవరికైనా ఏమైనా అయిందా మేడమ్?"

"తెలియదండి. అయినా కాకపోయినా మనకు తెలిసే దారి లేదు. ఆ తెలియకపోవడంతోనే నాకు కాలు నిలవడం లేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె కూడా వాటి కోసం ఆగలేదు. "మీ పసిపిల్లల వార్డు ఎన్నో అంతస్తు?" అని అడిగింది. రెండోదన్నారు. టీ వచ్చేలోపే మెట్లెక్కేసింది. వాళ్ల యంత్రం వరండాలో గోడకు ఆనించి ఉంది. వెలుగు వేసి చూసింది. ఒక నాబ్ తిరిగింది. రెండోది బిగుసుకుపోయి ఉంది, ఎంత తిప్పినా కదల్లేదు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగింది. ఎవరికీ గుర్తు లేదు.

"ఒక స్క్రూడ్రైవర్ తెప్పించండి, లేదా బాగుచేసేవాళ్లకు ఇప్పుడే ఫోను చేయండి" అంది చేతులు కడుక్కోవడానికి పోతూ. "ఇది తిరిగేదాకా నేను బస్సెక్కను."